ఏ ఊరి కుంచం? సాఫ్ట్‌వేర్ జీతాలు పోల్చుకునే పద్ధతి

మా తాతయ్య ధాన్యం కొనేటప్పుడు ధర కంటే ముందు "ఏ ఊరి కుంచం?" అని అడిగేవారు. ఊరు మారితే కుంచం మారేది. పేరు ఒకటే, లోపల పట్టే గింజలు వేరు. కుంచం తెలియకుండా ధర మాట్లాడితే నష్టపోయేది కొనేవాడే అని ఆయన నమ్మకం.

సాఫ్ట్‌వేర్ జీతాల దగ్గర మాత్రం ఆ ప్రశ్న ఎవరూ అడగడం లేదు. ఒడిశాలోని బరంపురంలో మా వీధిలో ఇంట్లో తెలుగు, బయట ఒడియా. "జీతం ఎంత?" అన్నా, "దరమా కేతే?" అన్నా జవాబు ఒక్క అంకెలో, ఏడాదికి ఇన్ని లక్షలని రావాల్సిందే: పన్నెండు, తొమ్మిది, ఇరవై రెండు. ఆ అంకె మీదే పెళ్లి సంబంధాలు కదులుతాయి. ఆ అంకె చూసే ఇంటి లోనుకు సంతకాలు పెడతారు. పక్కింటి అంకె విని, బాగానే బతుకుతున్న పిల్లలు రాత్రిళ్లు నిద్ర పాడు చేసుకుంటారు. అది చూస్తే నాకు బాధేస్తుంది. ఎందుకంటే చాలాసార్లు ఆ రెండు అంకెలూ ఒకే కుంచంతో కొలిచినవి కావు.

పదహారేళ్లుగా సాఫ్ట్‌వేర్ పనిలో ఉన్నాను. గత కొన్నేళ్లుగా ఇంటి నుంచే చేస్తున్నాను కాబట్టి ఆఫర్ లెటర్ పట్టుకుని వచ్చే పిల్లలు ఎక్కువయ్యారు. వాళ్లతో కూర్చుని చేసే లెక్కను వరసగా రాస్తున్నాను. ఒక తెల్లకాగితం, ఒక కాలిక్యులేటర్ దగ్గర పెట్టుకోండి.

1. ఎందుకు పోలుస్తున్నారో ముందు తేల్చుకోండి

రెండు ఆఫర్లలో ఒకటి ఎంచుకోవడానికా? ఇప్పుడున్న చోట తక్కువ ఇస్తున్నారేమో చూసుకోవడానికా? నెలకు ఎంత ఈఎంఐ కట్టగలరో తెలుసుకోవడానికా? మూడింటికీ వేర్వేరు అంకెలు కావాలి. ఈఎంఐకి నెలనెలా బ్యాంకులో పడేది తప్ప మరేదీ పనికిరాదు. తక్కువ ఇస్తున్నారా అని చూడాలంటే అదే ఊళ్లో, అదే హోదాలో, అదే ఏడాది చేరినవాళ్లతో పోల్చాలి. ఆఫర్ ఎంచుకోవాలంటే కనీసం రెండేళ్ల లెక్క వేయాలి. ప్రశ్న ఏమిటో కాగితం పైన ఒక వాక్యంలో రాయండి.

2. విడివిడి లెక్క ఉన్న కాగితం తెప్పించుకోండి

ఆఫర్ లెటర్ చివర అనెగ్జర్ అని ఒక పట్టిక ఉంటుంది. అసలు విషయం అంతా అందులోనే. అది లేకుండా సీటీసీ మాత్రమే చెబితే పోల్చడం మొదలుపెట్టకండి.

సీటీసీ అంటే మీ జీతం కాదు, మీ మీద కంపెనీకి ఏడాదికి అయ్యే ఖర్చు. మన బడాబజారులో పట్టుచీర ధర విని నేతగాడి కూలి ఇంత అని చెప్పగలమా? అందులో పట్టు దారం ఉంది, జరీ ఉంది, రంగు ఉంది, షావుకారు లాభం ఉంది. సీటీసీ కూడా అంతే.

3. నాలుగు కుప్పలు చేయండి

పట్టికలోని ప్రతి వరుసనూ ఈ నాలుగింటిలో ఒకదాంట్లో వేయండి.

మొదటి కుప్ప, నెలనెలా ఖాతాలో పడేది. బేసిక్ (మూల వేతనం), ఇంటద్దె అలవెన్సు, స్పెషల్ అలవెన్సు ఇందులోకి వస్తాయి. దీన్నే ఫిక్స్‌డ్ అంటారు.

రెండోది, రావచ్చు, రాకపోవచ్చు అనేది. వేరియబుల్ పే, పెర్ఫార్మెన్స్ బోనస్, జాయినింగ్ బోనస్. వేరియబుల్ కింద లక్ష రాశారంటే లక్షా వస్తుందని కాదు. మీ రేటింగ్ ఎలా ఉన్నా, కంపెనీ లాభాలు తగ్గితే అదీ తగ్గుతుంది. జాయినింగ్ బోనస్ ఒక్కసారే వస్తుంది. పైగా ఏడాదిలోపు మానేస్తే తిరిగి ఇవ్వాలని షరతు ఉంటుంది. ఈ షరతు నేను అనుభవించాను. ఒక ఉద్యోగంలో 1,20,000 జాయినింగ్ బోనస్ ఇచ్చారు. పన్ను కోసుకోగా చేతికి వచ్చింది అంతకంటే బాగా తక్కువ. అమ్మ ఆరోగ్యం బాగోక పదో నెలలో మానేస్తే, చేతికి వచ్చినంత కాదు, మొత్తం 1,20,000 కట్టమన్నారు. షరతులో అలాగే రాసి ఉంది. నేను చదవలేదు. "తిరిగి చెల్లించాలి" అన్న వాక్యం ఎక్కడ కనిపించినా, పన్నుకు ముందు మొత్తమా, పన్ను పోగా వచ్చినదా అని అడగండి.

మూడోది, మీదే కానీ ఇప్పుడు కాదు. పీఎఫ్ (భవిష్య నిధి) ఇక్కడికి వస్తుంది. బేసిక్‌లో 12 శాతం మీ జీతంలోంచి కోస్తారు, అంతే మొత్తం కంపెనీ వేస్తుంది. కంపెనీ వేసేది సీటీసీలో కలిపే ఉంటుంది. ఇక్కడ ఒక మెలిక ఉంది, దీని దగ్గర కాసేపు ఆగాలి. చట్టం ప్రకారం పీఎఫ్‌కు జీతం పరిమితి 15,000. కొన్ని కంపెనీలు పూర్తి బేసిక్ మీద 12 శాతం కోస్తాయి, కొన్ని 15,000 మీదే కోసి నెలకు 1,800తో ఆపేస్తాయి. రెండో చోట చేతికి ఎక్కువ వచ్చినట్టు కనిపిస్తుంది, మీ పేరున పోగయ్యేది మాత్రం తక్కువ. అందుకే చేతికొచ్చేది ఒక్కటే చూసినా మోసపోతాం. పీఎఫ్‌ను కూడా పక్కన రాసుకోవాలి.

గ్రాట్యుటీ, అంటే ఏళ్ల తరబడి పనిచేసినందుకు మానేటప్పుడు కంపెనీ ఇచ్చే మొత్తం, కూడా ఈ కుప్పదే. సీటీసీలో బేసిక్ మీద 4.81 శాతంగా కనిపిస్తుంది. మామూలు పర్మనెంట్ ఉద్యోగికి ఐదేళ్లు నిండితేనే అది చేతికి వస్తుంది. రెండు మూడేళ్లకు కంపెనీ మారే అలవాటున్నవాళ్లు ఆ వరుసకు ఎదురుగా సున్నా వేసుకోవాలి.

నాలుగోది, డబ్బుగా ఎప్పుడూ రానిది. గ్రూప్ ఇన్సూరెన్స్ ప్రీమియం, భోజనం, క్యాబ్ ఖర్చు. పనికిరానివి కావు. తల్లిదండ్రులకు కూడా వర్తించే బీమా అయితే చాలా విలువైనది. కానీ దాంతో అద్దె కట్టలేం.

4. పక్కింటి అబ్బాయి లెక్క

పక్కింటి అక్క కొడుక్కి రెండు ఆఫర్లు వచ్చాయి. బెంగళూరులో 12 లక్షలు, భువనేశ్వర్‌లో 9 లక్షల 20 వేలు. "తమ్ముడూ, పన్నెండు వదులుకుని తొమ్మిదికి ఎవరైనా వెళ్తారా? నువ్వైనా చెప్పు వీడికి" అంది అక్క. "మామయ్యా, ఒకసారి లెక్క చూడు, చాలు" అన్నాడు వాడు. ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టుకుని కాగితం తీశాం.

బెంగళూరు 12,00,000లో ఉన్నవి: నెలకు 74,000 చొప్పున 8,88,000. వేరియబుల్ 1,20,000. జాయినింగ్ బోనస్ 1,00,000. కంపెనీ పీఎఫ్ 53,280. గ్రాట్యుటీ 21,356. బీమా 17,364.

భువనేశ్వర్ 9,20,000లో ఉన్నవి: నెలకు 67,000 చొప్పున 8,04,000. వేరియబుల్ 36,000. కంపెనీ పీఎఫ్ 48,240. గ్రాట్యుటీ 19,336. బీమా 12,424.

ఇప్పుడు కోతలు. బెంగళూరులో బేసిక్ 37,000, దాని మీద పీఎఫ్ 4,440. వృత్తి పన్ను 200. చేతికి 69,360. భువనేశ్వర్‌లో బేసిక్ 33,500, పీఎఫ్ 4,020, వృత్తి పన్ను 200. చేతికి 62,780. ఆదాయపు పన్ను రెండు చోట్లా సున్నా. 2025-26 నుంచి కొత్త పన్ను విధానంలో 12 లక్షల ఆదాయం వరకు పన్ను పడకుండా రిబేటు ఉంది, జీతగాళ్లకు ఆదాయంలోంచి తీసేసే 75,000 స్టాండర్డ్ డిడక్షన్ అదనం. మీ అంకె అంతకు మించితే పన్ను లెక్క విడిగా వేయాలి, ఆ పని మానకండి.

అక్క కాగితం తన వైపు తిప్పుకుంది. ఏడాదికి 2,80,000 తేడా అనుకున్నది నెలకు 6,580 దగ్గర ఆగింది.

అక్కడితో ఆపితే బెంగళూరుకు అన్యాయం చేసినట్టే. వేరియబుల్ కూడా కలపాలి. అనుమానం ఉన్నప్పుడు నేను 60 శాతమే వస్తుందని వేస్తాను. అలా చూస్తే మొదటి ఏడాది మీద వచ్చే నగదు బెంగళూరులో 10,04,320, భువనేశ్వర్‌లో 7,74,960. తేడా 2,29,360. రెండో ఏడాది జాయినింగ్ బోనస్ ఉండదు కాబట్టి, జీతం పెరగలేదనుకుంటే, తేడా 1,29,360కి దిగుతుంది. అంటే నెలకు 10,780.

ఖర్చు సంగతి. వాడు రెండు ఊళ్లలో ఉన్న స్నేహితులను అడిగి అంకెలు తెచ్చాడు. బెంగళూరులో అద్దె 7,000 ఎక్కువ, తిండి, ప్రయాణాలు 3,000 ఎక్కువ, ఇంటికి వచ్చిపోవడానికి నెలకు సగటున 1,500 ఎక్కువ. మొత్తం 11,500. రెండో ఏడాదికి వచ్చేసరికి ఎక్కువ వచ్చే 10,780 కంటే ఎక్కువ ఖర్చయ్యేదే పెద్దది. పీఎఫ్‌లో మాత్రం బెంగళూరు వైపు ఏడాదికి 10,080 ఎక్కువ పోగవుతుంది. రెండూ కలిపి చూస్తే తూకం దాదాపు సమానం.

మరి వాడు ఎటు వెళ్లాడు? బెంగళూరే వెళ్లాడు. అక్కడ పేమెంట్ల సిస్టమ్ మీద పని, భువనేశ్వర్‌లో పాత అప్లికేషన్ నిర్వహణ. నాలుగేళ్ల తర్వాత ఆ పని పనికొస్తుందని వాడి ఆలోచన, నాకూ సరైనదే అనిపించింది. డబ్బు సమానమని తెలిశాక, డబ్బు కాని కారణంతో ధైర్యంగా నిర్ణయించుకున్నాడు. వాడి స్నేహితుడు ఒకడు అదే లెక్క వేసుకుని భువనేశ్వర్‌లో ఉండిపోయాడు. నాన్నకు డయాలసిస్, శుక్రవారం సాయంత్రం రైలెక్కితే రాత్రికి ఇంట్లో ఉంటాడు. బెంగళూరు నుంచి అయితే ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌లో ఒక పగలూ ఒక రాత్రీ పడుతుంది.

5. షేర్లు ఉంటే

ఆర్‌ఎస్‌యూ (జీతంతో పాటు కంపెనీ విడతలుగా ఇచ్చే షేర్లు), ఈసాప్ (ముందే చెప్పిన ధరకు కంపెనీ షేర్లు కొనుక్కునే హక్కు) అనే మాటలు కనిపిస్తే ఒక గీత గీసి పక్కన రాయండి, జీతంలో కలపకండి.

స్టాక్ మార్కెట్‌లో ఉన్న కంపెనీ ఇచ్చే ఆర్‌ఎస్‌యూలు మామూలుగా నాలుగేళ్లలో విడతలుగా మీ చేతికి వస్తాయి. 40 లక్షల షేర్లు అంటే చాలామంది ఏడాదికి 10 లక్షలు అనుకుంటారు. అన్నిచోట్లా సమానంగా ఇవ్వరు. అమెజాన్ చాలాకాలం పాటించిన పద్ధతిలో మొదటి ఏడాది 5 శాతం, రెండో ఏడాది 15, తర్వాత రెండేళ్లూ 40 చొప్పున. అంటే ఆ 40 లక్షల్లో మొదటి ఏడాది వచ్చేది 2 లక్షలే. రెండేళ్లకే మానేస్తే మొత్తం 8 లక్షలు. చేతికి వచ్చిన రోజున ఉన్న ధర మీ జీతంలో కలిసి పన్ను పడుతుంది. డాలర్ల షేరైతే ఆ రోజు డాలరు రేటు కూడా లెక్కలోకి వస్తుంది.

మార్కెట్‌లో లేని స్టార్టప్ ఈసాప్‌ల సంగతి వేరు. అమ్మడానికి చోటే ఉండదు. కంపెనీ ఐపీఓకు వెళ్లాలి, అంటే మొదటిసారి షేర్లను మార్కెట్‌లో పెట్టాలి, లేదా తనే తిరిగి కొనాలి. షేరు తీసుకోవడానికి మీరు ఎంత కట్టాలో, మానేశాక ఎన్ని రోజుల్లో తీసుకోవాలో రాతలో అడగండి. నా లెక్కలో వాటికి సున్నా వేస్తాను. వస్తే సంతోషం. వాటిని నమ్ముకుని నెలజీతం తగ్గించుకోవద్దని ప్రతి ఒక్కరికీ గట్టిగా చెబుతాను.

6. హోదా పేరు చూసి సమానం అనుకోకండి

గూగుల్‌లో కొత్తగా చేరిన ఇంజినీరు ఎల్-3. అమెజాన్‌లో కొత్తగా చేరినవారు ఎల్-4. మైక్రోసాఫ్ట్‌లో అదే స్థాయికి 59, 60 అని అంకెలుంటాయి. "నేను ఎల్-4" అని ఇద్దరు చెబితే ఒకరు కొత్తవారు, ఒకరు కొన్నేళ్ల అనుభవం ఉన్నవారు కావచ్చు. ఒక చిన్న కంపెనీలో సీనియర్ ఇంజినీరు ఇంకోచోట మామూలు ఇంజినీరు. ఒకే కంపెనీలో ఒకే ఏడాది చేరిన ఫ్రెషర్లు కూడా ఒకటి కాదు. టీసీఎస్‌లో నింజా, డిజిటల్, ప్రైమ్ అని దారులు వేరు, ప్యాకేజీలు వేరు. కాబట్టి పేరు వదిలేసి పని అడగండి. ఎవరి దగ్గర పని చేస్తారు, ఎంతమందికి దారి చూపిస్తారు, రాత్రి సిస్టమ్ ఆగిపోతే ఫోన్ ఎవరికి వస్తుంది.

చేరిన సంవత్సరం కూడా అడగాలి. 2021, 2022లో కంపెనీలు పోటీపడి మనుషులను తీసుకున్నాయి. 2023 నుంచి ఆ ఊపు తగ్గింది. అప్పుడు చేరినవారి అంకెతో ఇప్పుడు చేరేవారు తమను పోల్చుకుని కుంగిపోవడం న్యాయం కాదు.

7. అంకె ఎక్కణ్ణుంచి వచ్చిందో అడగండి

గ్లాస్‌డోర్, అంబిషన్‌బాక్స్, లెవెల్స్ డాట్ ఎఫ్‌వైఐ లాంటి వెబ్‌సైట్లలో కనిపించే జీతాలు ఎక్కువగా ఎవరికి వారు నింపినవే. ఎక్కువ వచ్చినవారికి చెప్పుకోవాలని ఉంటుంది, తక్కువ వచ్చినవారు మాట్లాడరు. ఒకరు సీటీసీ రాస్తారు, ఒకరు చేతికొచ్చేది రాస్తారు.

ప్రభుత్వ లెక్కలు కూడా అన్నీ చెప్పవు. అమెరికా కార్మిక శాఖ గణాంకాల సంస్థ 2024 మే లెక్క ప్రకారం అక్కడ సాఫ్ట్‌వేర్ డెవలపర్ల మధ్యస్థ వార్షిక వేతనం 1,33,080 డాలర్లు. సగంమందికి అంతకంటే తక్కువ, సగంమందికి ఎక్కువ. అందులో షేర్లు, ఏడాది చివరి బోనస్‌లు కలపరు. హెచ్-1బీ దరఖాస్తుల్లో కనిపించే జీతాలు కూడా మూల వేతనాలే. ఇంటర్నెట్‌లో "అమెరికాలో మూడు లక్షల డాలర్లు" అన్న మాటకూ ఈ అంకెకూ పొంతన కుదరకపోవడానికి షేర్లు ఒక ముఖ్య కారణం.

సగటుతో మరీ జాగ్రత్త. ఒక గదిలో నలుగురికి 8 లక్షలు, ఒకరికి 58 లక్షలు వస్తే సగటు 18 లక్షలు. ఆ గదిలో 18 లక్షలు వచ్చేవారు ఒక్కరూ లేరు. సాఫ్ట్‌వేర్‌లో నిజంగా ఇలాగే ఉంటుంది. ఇంజినీరింగ్ మేనేజర్‌గా పనిచేసిన గెర్గెలీ ఒరోజ్ 2021లో నెదర్లాండ్స్, యూరప్ జీతాలను చూసి అవి మూడు గుట్టలుగా ఉన్నాయని రాశారు. చుట్టుపక్కల కంపెనీలను చూసి జీతం నిర్ణయించేవి, ఆ ప్రాంతంలోని మంచి కంపెనీలన్నిటితో పోటీపడేవి, ప్రపంచమంతటితో పోటీపడేవి. నేను ఇక్కడ చూసేదీ అదే. మీ కంపెనీ ఏ గుట్టలో ఉందో తెలియకుండా పై గుట్ట అంకెతో మీ విలువ కొలుచుకోవద్దు.

8. డాలర్లను రూపాయల్లోకి మార్చి చూడకండి

అమెరికా జీతాన్ని డాలరు రేటుతో గుణిస్తే కోట్లు కనిపిస్తాయి. అక్కడి అద్దె, పిల్లల డే కేర్, ఆరోగ్య బీమా, రాష్ట్రాన్ని బట్టి మారే పన్ను కూడా డాలర్లలోనే పోతాయి. అలాగని కొనుగోలు శక్తి లెక్క, అంటే అవే సరుకులకు ఏ దేశంలో ఎంత అవుతుందో చూసి డబ్బుకు విలువ కట్టే పద్ధతి, ఒక్కటే పట్టుకున్నా సరిపోదు. అందులో డాలరు సుమారు 20 రూపాయల చుట్టుపక్కల తేలుతుంది. కూరగాయలకు, పనిమనిషి జీతానికి అది సరిగ్గానే ఉంటుంది. ల్యాప్‌టాప్‌కు, విమానం టికెట్‌కు పనికిరాదు. నేను వాడే పద్ధతి ఒకటే: అక్కడి ఖర్చులన్నీ అక్కడి డబ్బులోనే తీసేసి, మిగిలినదాన్ని మాత్రం రూపాయల్లోకి మార్చడం. ఇంటికి పంపగలిగేది అదే కదా.

9. గంటలు, సెలవులు, నోటీసు

చేతికొచ్చే అంకెను, ఏడాదికి 52 వారాల లెక్కన, నెలలో పనిచేసే గంటలతో భాగించండి. వారానికి 55 గంటలు పనిచేసి నెలకు 69,360 తెచ్చుకుంటే గంటకు 291. 42 గంటలకు 62,780 వస్తే గంటకు 345. నైట్ షిఫ్ట్ ఉందా, సెలవులెన్ని, నోటీసు (మానేస్తానని ముందుగా చెప్పాల్సిన గడువు) 30 రోజులా 90 రోజులా, బాండ్ (ఇంతకాలం మానకూడదనే ఒప్పందం) ఉందా అన్నవి కూడా రాసుకోండి. 90 రోజుల నోటీసు ఉన్నవారిని తర్వాతి కంపెనీ ఎదురుచూడక వదిలేసిన సందర్భాలు చూశాను. మా బరంపురంలో రెండేళ్లకోసారి వచ్చే ఠాకురాణీ జాతరకు ఇంటికి రావాలని మీకు ఉంటే, ఆ సెలవు దొరుకుతుందా అని అడగడంలో తప్పేమీ లేదు.

10. మనిషిని అడిగే తీరు

"నీ జీతం ఎంత?" అంటే ఎవరూ నిజం చెప్పరు, అడిగినవారి మీద గౌరవం కూడా తగ్గుతుంది. "అన్నా, నాలుగేళ్ల అనుభవంతో ఈ పనికి మీ దగ్గర ఇప్పుడు ఫిక్స్‌డ్ ఎంత నుంచి ఎంత వరకు ఇస్తున్నారు?" అని అడగండి. సొంత జీతం చెప్పక్కర్లేదు కాబట్టి చెబుతారు. ఒక్కరిని కాదు, కనీసం ముగ్గురిని అడగండి.

హెచ్‌ఆర్‌ను అడగాల్సినవి వేరు. ఫిక్స్‌డ్ ఎంత? గత రెండేళ్లలో వేరియబుల్ ఎంత శాతం ఇచ్చారు? పీఎఫ్ పూర్తి బేసిక్ మీదా, 15,000 మీదా? జాయినింగ్ బోనస్ తిరిగి ఇవ్వాల్సి వస్తే ఎంత? బీమాలో అమ్మానాన్నలు ఉంటారా? ఈ ఐదూ మెయిల్‌లోనే అడిగి జవాబు మెయిల్‌లోనే తీసుకోండి. ఫోన్‌లో చెప్పిన మాట అనెగ్జర్‌లో కనిపించకపోతే, సంతకం పెట్టకముందే ఇంకోసారి అడగండి.